పల్లావరం నిజంగా పల్లవుల రాజధానేనా? కొండ కింద ఊరికి ఉన్న అసలు ఆధారాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఉద్యోగం కోసం ఈ మధ్యే చెన్నై వచ్చి పల్లావరంలో ఇల్లు తీసుకున్నారు. ఈ ఊరు పల్లవుల రాజధాని అని, 15 లక్షల ఏళ్ళ నుంచి ఇక్కడ మనుషులు ఉన్నారని, కొండ మీది గుహలో తెలుగు శాసనం ఉందని ఇంటి ఓనరు చెప్పారు. ఇందులో ఏది నిజం, ఏది గొప్పకు చెప్పుకునేది, సెలవు రోజున వెళ్ళి చూడాలంటే ఏం మిగిలింది అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. రాజధాని కాదు. రాజధాని కాంచీపురమే. 15 లక్షల ఏళ్ళ లెక్క పల్లావరానిది కాదు, ఇక్కడికి దూరంగా ఉన్న అత్తిరంపాక్కానిది. గుహ మాత్రం నిజం. పల్లవ రాజు మొదటి మహేంద్రవర్మ కాలంలో, అంటే క్రీ.శ. 600 నుంచి 630 మధ్య తొలిచినది. అందులోని బిరుదుల్లో కొన్ని తెలుగువి అన్న మాట కూడా నిజమే. కానీ దాని నుంచి మనవాళ్ళు లాగే ముగింపు సరైనది కాదు. మీ ఓనరు చెప్పని ఇంకో సంగతి ఉంది. భారతదేశంలో పాతరాతియుగం అనేది ఒకటి ఉందని మొదట తెలిసింది ఈ పల్లావరంలోనే. నన్నడిగితే ఊరి అసలు ఘనత అది.

నేను చాలా ఏళ్ళు శాసనాల నకళ్ళు తీసే పని చేశాను. తడి కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపి, పైన మసి అద్దే పని. కాబట్టి రాతి మీద ఉన్నదానికి, జనం నోట ఉన్నదానికి తేడా దగ్గర కాస్త పట్టుదలగా మాట్లాడతాను. ఏమీ అనుకోవద్దు.

మొదట 15 లక్షల ఏళ్ళ సంగతి. 1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు పల్లావరం కంటోన్మెంటు మైదానం దగ్గర ఒక కంకర గుంటలో చెక్కిన రాయి దొరికింది. ఆయన అప్పటికి ముప్పై కూడా నిండని మనిషి, జియలాజికల్ సర్వే ఉద్యోగి. దారిన పోతుంటే తగిలిన అదృష్టం కాదు అది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1859లో, ఫ్రాన్సులో సొమ్ నది ఒడ్డున కంకర పొరల్లో దొరికిన చెక్కుడు రాళ్ళు నిజంగా అతి పాతకాలపు మనుషులు చేసినవేనని ఇంగ్లండు పండితులు ఒప్పుకున్నారు. ఆ వార్త చదివినవాడు కాబట్టే ఫుట్ ఇక్కడి ఎర్ర కంకరలో అలాంటిదాని కోసం కన్నేసి ఉంచాడు. ఆ ఏడాదే సెప్టెంబరులో ఆయనా, తోటి ఉద్యోగి విలియం కింగూ కలిసి తిరువళ్ళూరు వైపు అత్తిరంపాక్కంలో ఇలాంటి పనిముట్లు గుట్టలుగా చూశారు.

ఇక్కడే రెండు ఊళ్ళ కథ కలిసిపోయింది. అత్తిరంపాక్కంలో చాలాకాలం శాస్త్రీయంగా తవ్వకాలు జరిగాయి. పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం అక్కడి అడుగు పొరలు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో ప్రకటించింది. 2018లో అదే చోట పై పొరల్లోని మధ్య పాతరాతియుగం పనిముట్లకు దాదాపు 3,85,000 ఏళ్ళ వయసు తేల్చారు. ఈ రెండు అంకెలూ అత్తిరంపాక్కానివి. అక్కడ పొర మీద పొరగా మట్టి చెదరకుండా నిలిచింది కాబట్టి కొలవగలిగారు. పల్లావరంలో ఫుట్‌కు దొరికింది కంకర గుంటలో రాయి. దానికి కొలిచిన వయసు అంటూ లేదు. పాతరాతియుగానిది అనడం వరకు సరే, లక్షల్లో అంకె తగిలించడం తప్పు. వాట్సాప్‌లో తిరిగే «15 లక్షల ఏళ్ళ పల్లావరం» అలా పుట్టిందే.

ఇంకో సూక్ష్మం ఉంది, చాలామంది పట్టించుకోరు. ఆ పనిముట్ల రాయి ఈ కొండ రాయి కాదు. పల్లావరం, త్రిశూలం కొండలది చార్నొకైట్. నల్లగా, నీలంగా, గట్టిగా ఉంటుంది. కానీ చెక్కితే పదునైన అంచు చక్కగా రాదు. చెన్నై చుట్టుపక్కల పాతరాతి మనిషి వాడింది క్వార్ట్‌జైట్ గులకలు. అవి ఇక్కడికి వాయవ్యంగా అల్లికుళి, సత్యవేడు వైపు గుట్టల్లో పుష్కలం. సత్యవేడు అంటే మన తిరుపతి జిల్లా ఊరే. ఆ గుట్టల్లోని గులకలకు మూలం ఇంకా వెనక ఉన్న నగరి కొండల వైపు రాయి. ఇప్పటి రాష్ట్రాల సరిహద్దు గీతలు ఆ రాయికి తెలియవు కదా.

ఈ రాళ్ళ పిచ్చి అంటుకున్న కుర్రవాడొకరు పల్లావరం క్వారీ పక్కన ఏరిన ముక్కలు సంచీలో వేసుకుని మా ఇంటికి వచ్చాడు. చేతిగొడ్డళ్ళు అని అతని నమ్మకం. అన్నీ కంకర మిల్లుల కోసం పేల్చిన చార్నొకైట్ చెక్కలు. తేడా ఎలా తెలుసుకోవాలో మీకూ పనికొస్తుంది కాబట్టి చెబుతాను. అసలు పనిముట్టయితే రెండు వైపులా వరసగా చిప్పలు లేపిన గుంటలు ఉంటాయి, అంచు ఒక పద్ధతిలో తిరుగుతుంది. దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఎర్ర కంకరలో లక్షల ఏళ్ళు పడి ఉన్నందువల్ల పైన గోధుమ రంగో ఎరుపో పట్టి ఉంటుంది. క్వారీ ముక్కకు అంచులు కొత్తగా, పచ్చిగా ఉంటాయి, రాయి లోపలి రంగే బయటా ఉంటుంది. నిజంగా అనుమానం వచ్చే రాయి కనిపిస్తే ఇంటికి తీసుకెళ్ళకండి. ఉన్నచోటే ఫోటో తీసి, ఆ చోటు రాసి పెట్టుకుని, పురావస్తు శాఖకు చెప్పండి. రాయి చోటు మారితే దాని విలువలో సగం పోయినట్టే.

రాతియుగం తరవాత కథలో పెద్ద ఖాళీ ఉంది. అది దాటాక కనిపించేది సమాధులు. 1880ల చివర్లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ పల్లావరం దగ్గర ఇనుపయుగం నాటి సమాధులు తవ్వించారు. అందులో మట్టితో చేసి కాల్చిన శవపేటికలు బయటపడ్డాయి. పొడుగాటి తొట్టిలా ఉండి, కింద వరసగా పొట్టి కాళ్ళు ఉంటాయి. పల్లావరం పేటికను చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంచారు. కాలం క్రీస్తుకు ముందటి వెయ్యేళ్ళలో అని మొత్తం మీద అనుకోవచ్చు. ఆ మ్యూజియంలోనే కడప జిల్లా శంఖవరం నుంచి వచ్చిన జంతువు ఆకారపు శవపేటిక కూడా చూడండి. కడపకూ పల్లావరానికీ మధ్య ఇలాంటి సమాధుల పద్ధతి పాలారు లోయ నుంచి రాయలసీమ దాకా పరుచుకుని ఉంది. గుట్టల వాలు, పంటకు పనికిరాని గట్టి నేల, పక్కనే చెరువుకు అనువైన పల్లం. సమాధులు ఎక్కువగా అలాంటి చోటే దొరుకుతాయి. పల్లావరం అచ్చం అలాంటి చోటు. బతికినవాళ్ళ ఊరు మాత్రం దొరకలేదు, చచ్చినవాళ్ళ పేటికలే దొరికాయి. అందుకని «మూడు వేల ఏళ్ళ పట్టణం» అనడానికి కూడా వీల్లేదు.

ఇక గుహ. మీరు అసలు అడిగింది దీని గురించే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

కొండ వాలున ఉన్న ఈ గుహాలయంలో వెనక గోడకు అయిదు గదులు తొలిచి ఉన్నాయి. అందుకే జనం పంచపాండవుల కొండ అన్నారు. అయిదు గదులు కనిపిస్తే చాలు, తమిళనాట పాండవులు అక్కడ బస చేసినట్టే లెక్క. ముందు వరస స్తంభాలు లావుగా, కిందా మీదా చతురస్రంగా, నడుమ ఎనిమిది పలకలుగా ఉంటాయి. బొమ్మల అలంకారం దాదాపు శూన్యం. మహేంద్రుడి గుహలకు ఆ స్తంభాలే గుర్తు. మండగపట్టు, మామండూరు, మహేంద్రవాడి, దళవానూరు, సీయమంగళం, తిరుచ్చి కొండ పై గుహ, అన్నీ ఈ కుటుంబమే. మండగపట్టు శాసనంలో ఆయనే చెప్పుకున్నాడు: ఇటుక, కర్ర, లోహం, సున్నం లేకుండా బ్రహ్మ, ఈశ్వర, విష్ణువులకు ఈ గుడి చేయించాను అని. అంతకుముందు ఈ ప్రాంతంలో గుడి అంటే ఇటుక, కర్ర కట్టడమే. అవి నిలవలేదు. రాతి గుహ నిలిచింది.

మిగతా గుహలకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మహేంద్రవాడిలో అది మహేంద్ర తటాకం ఒడ్డున విష్ణువు గుడి అని శాసనమే చెబుతుంది. సీయమంగళంలో అవనిభాజన పల్లవేశ్వరం అని పేరే ఉంది. చెంగల్పట్టు దగ్గర వల్లంలో రాజు కాదు, ఆయన సామంతుడు వసంతప్రియరాజు కొడుకు స్కందసేనుడు చేయించాడని రాసి ఉంది. పల్లావరంలో అలాంటి సమాచారం ఒక్క ముక్క లేదు. ఏ దేవుడికి, ఎందుకు, ఊరి పేరేమిటి, ఏమీ లేదు. ఉన్నవి వరసగా బిరుదులు మాత్రమే. మహేంద్రవిక్రమ, మత్తవిలాస, విచిత్రచిత్త లాంటివి. కాబట్టి ఆ గుహ శాసనంలో పల్లావరం అన్న పేరు కోసం వెతక్కండి, ఉండదు.

మరి తెలుగు? ఆ బిరుదుల్లో సంస్కృతం ఎక్కువ, తమిళం కొంత, తెలుగు రూపాలు కొన్ని. «ంబు»తో ముగిసే మాటలు చూడగానే మనకు ఊరు గుర్తొస్తుంది. చిత్రకారపులి లాంటి బిరుదు తెలుగుదా తమిళందా అని వాదించడం వృథా, పులి ఇద్దరిదీ. అయితే తెలుగు రూపాలు ఉన్నాయన్నది శాసన పండితులు ఎప్పుడో గుర్తించిన విషయమే, మనం కొత్తగా కనిపెట్టింది కాదు.

ఇక్కడి నుంచి «మహేంద్రవర్మ తెలుగువాడు, పల్లావరం తెలుగువాళ్ళ ఊరు» అనే దాకా వెళ్ళేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. రాజు పెట్టుకున్న బిరుదు ఆయన ఇంట్లో మాట్లాడిన భాషకు సాక్ష్యం కాదు. అలాగని దాన్ని తీసిపారేయడమూ తప్పే. పల్లవులకు ఉత్తరాన తెలుగు నేలతో గట్టి సంబంధం ఉంది. నరసరావుపేట దగ్గర మైదవోలులో దొరికిన నాలుగో శతాబ్దపు ప్రాకృత రాగి రేకులు చూడండి. శివస్కందవర్మ యువరాజుగా ఉండి, కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి ఆజ్ఞ పంపుతున్నాడు, ఆంధ్రాపథంలోని విరిపర అనే గ్రామాన్ని దానమిస్తున్నాడు. పల్నాడులో మంచికల్లు శాసనం ఉంది. తరవాతి సంస్కృత తామ్ర శాసనాల్లో చాలా భాగం నెల్లూరు, ప్రకాశం వైపు గ్రామాల గురించినవే. మహేంద్రుడి బిరుదు అవనిభాజన పల్నాడు చేజెర్ల కపోతేశ్వరాలయం దగ్గరి శాసనంలో కూడా కనిపిస్తుంది. అంత మేర ఏలిన, ఏలాలని పోరాడిన కొలువులో తెలుగు సేనానులు, రాతగాళ్ళు, శిల్పులు ఉండటం వింతేమీ కాదు. బిరుదులు వాళ్ళ నోట పుట్టి ఉండవచ్చునని నా అభిప్రాయం. ఇది అభిప్రాయమే, శాసనం చెప్పిన మాట కాదు.

కాలం కూడా గమనించండి. తెలుగులో రాసిన తొలి శాసనాల్లో ఒకటిగా చెప్పే కడప జిల్లా కలమళ్ళ శాసనం, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, సుమారు 575 నాటిది. అంటే మహేంద్రుడు గద్దెనెక్కడానికి ఒక తరం ముందే తెలుగు రాతి మీదికి వచ్చింది. అలాంటి సమయంలో ఇంత దక్షిణాన, కొండ మీద తెలుగు రూపాలు కనబడటం భాషా చరిత్ర చదివేవాళ్ళకు నిజంగా విలువైన సంగతి. దీన్ని అతిశయోక్తితో చెడగొట్టుకోవడం ఎందుకని నా బాధ.

రాజధాని వాదానికి కూడా ఇక్కడే జవాబు ఉంది. మైదవోలు రేకులు కంచి నుంచి వెలువడ్డాయి. మహేంద్రుడి కాలంలో చాళుక్య రాజు రెండో పులకేశి దండెత్తి వస్తే పల్లవ రాజు కాంచీపురం ప్రాకారాల వెనక దాక్కున్నాడని 634 నాటి ఐహోళు శాసనం ఎద్దేవా చేస్తుంది. మిత్రులూ శత్రువులూ ఇద్దరూ కంచి పేరే చెబుతున్నారు. ఒక కాలనీ సంఘంవాళ్ళు స్వాగత తోరణం మీద «పల్లవుల రాజధాని» అని రాయించాలని, దానికి రెండు వాక్యాల చరిత్ర రాసిమ్మని నన్ను అడిగారు. «దేశంలో తొలి పాతరాతియుగపు పనిముట్టు దొరికిన ఊరు» అని రాసుకోండి, అది ఎవరూ కాదనలేరు అన్నాను. రాళ్ళ కంటే రాజులే బాగుంటారట. తోరణం ఇంకా రాలేదు, రాకపోయినా నాకు చింత లేదు.

పేరు మాటేమిటి అంటారా? పల్లావరం అంటే పల్లవపురమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ పేరు మనకు కనిపించేది గుహలో కాదు, పక్కనే ఉన్న త్రిశూలం గుడిలోని చోళ శాసనాల్లో. పల్లవుల తరవాత శతాబ్దాలకు చెక్కినవి అవి. అందులో ఊరి పేరు పల్లవపురం అనే వానవన్ మహాదేవి చతుర్వేదిమంగళం. చోళ రాణి పేరు మీద ఏర్పడిన బ్రాహ్మణ అగ్రహారం అన్నమాట. పల్లవ అన్న పాత పేరు పోకుండా పక్కన కొత్త పేరు చేరింది. ఊరి చిరునామా కూడా ఇచ్చారు: జయంకొండ చోళ మండలం, పులియూర్ కోట్టం, సురత్తూర్ నాడు. మండలం, కోట్టం, నాడు అన్నవి పెద్ద నుంచి చిన్నకు అప్పటి పాలనా విభాగాలు. పులియూరు అంటే ఇప్పటి కోడంబాక్కం దగ్గరిదే. మీ ఆఫీసు అటువైపు అయితే రోజూ ఒక చోళ కోట్టానికి వెళ్ళి వస్తున్నట్టు లెక్క.

తెలుగు సంబంధమే కావాలంటే గుహ కంటే త్రిశూలం గుడి దగ్గర వెతకండి. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. త్రిశూలనాథుడి గుడి చుట్టూ కొండలు, మధ్యలో పల్లంలో ఉంటుంది. పాత పేరు తిరుచ్చురం. గుడి శాసనాలు మొదటి కులోత్తుంగ చోళుడి కాలం నుంచి మొదలవుతాయి. ఆయన 1070 నుంచి 1122 దాకా ఏలాడు. ఆ కులోత్తుంగుడు ఎవరు? రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి కొడుకు. నన్నయ చేత భారతం తెలుగు చేయించిన రాజరాజ నరేంద్రుడే. తల్లి చోళ రాజకుమారి అమ్మంగ దేవి. వేంగిలో పుట్టిన చాళుక్యుడు చోళ సింహాసనం ఎక్కాడు. పల్లావరం కొండ కింద ఆయన కాలపు అక్షరాలు ఇప్పటికీ గోడ మీద ఉన్నాయి. అక్షరాలు తమిళమే, రాజు కథ మాత్రం మన గోదావరి ఒడ్డున మొదలైంది.

ఆ గుడి గర్భాలయం గజపృష్ఠం, అంటే వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరుగుతుంది. తొండైమండలంలో, అంటే కంచి చుట్టుపక్కల తమిళ సీమలో, ఈ ఆకారం గుళ్ళు చాలానే ఉన్నాయి, తిరువొత్తియూరు గర్భగుడి కూడా ఇదే తీరు. ఇందాక చెప్పిన చేజెర్ల కపోతేశ్వరాలయం గజపృష్ఠమే, కాకపోతే ఇంకా చాలా పాతది, ఇటుక కట్టడం. నేను పల్నాడు వెళ్ళినప్పుడల్లా త్రిశూలం గుడి గుర్తొస్తుంది, ఇక్కడికొస్తే చేజెర్ల గుర్తొస్తుంది.

శాసనాల్లో ఏముంటుందని చాలామంది అడుగుతారు. యుద్ధాల కథలు ఉంటాయని ఆశపడతారు. రాజు పొగడ్త మొదట్లో నాలుగు పంక్తులు, ఆ తరవాతంతా భూమి, పన్ను, దీపం. చోళ కాలంలో ఒక అఖండ దీపానికి మామూలుగా 90 గొర్రెలో 96 గొర్రెలో ఇచ్చేవారు. వాటిని తీసుకున్న కాపరి రోజూ కొలత ప్రకారం నెయ్యి పోయాలి. మంద చావకుండా, ముసలిదవకుండా చూసుకునే బాధ్యత అతనిదే. గొర్రెలు ఉన్నాయంటే మేతకు కొండ ఉందని, నెయ్యి ఉందంటే ఊళ్ళో కొలతలూ లెక్కలూ ఉన్నాయని అర్థం. నాకు ఇవే ఇష్టం. రాజు ఏ కోట గెలిచాడో తెలుసుకోవడానికి వేరే ఊళ్ళు ఉన్నాయి.

మధ్యలో తిరునీర్మలై మర్చిపోకూడదు. పల్లావరం నుంచి కొద్ది దూరమే. ఎనిమిదో శతాబ్దపు తిరుమంగై ఆళ్వారు పాడిన క్షేత్రం, వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. కొండ కింద నీర్వణ్ణ పెరుమాళ్, పైన రంగనాథుడు. ఆళ్వారు వచ్చినప్పుడు కొండ చుట్టూ నీళ్ళు నిండి ఉంటే, అవి తగ్గేదాకా నెలల తరబడి కాచుకుని ఉన్నాడని స్థలపురాణం. కథ ఎంత నిజమో పక్కన పెట్టండి, 2015 డిసెంబరు వానలు చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కల చెరువుల ఊళ్ళ గురించి ఆ కథను కొట్టిపారేయరు. మహేంద్రుడి గుహకూ కులోత్తుంగుడి గుడికీ మధ్య కాలంలో ఈ కొండల్లో భక్తులు తిరుగుతున్నారనడానికి మనకున్న సాక్ష్యం ఆళ్వారు పాడిన ఆ పాశురాలే.

ఆ తరవాతి కాలం మీ ప్రశ్నలో లేదు కాబట్టి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. 13వ శతాబ్దంలో నెల్లూరు తెలుగు చోళులు, గండగోపాలుడి పేరున్న రాజులు, కంచి దాకా ఏలారు. 1316లో కాకతీయ ప్రతాపరుద్రుడి సేనాని ముప్పిడి నాయకుడు కంచి పట్టుకున్నాడు. ఈ ప్రాంతంలో తెలుగు అధికారం గురించి మాట్లాడాలంటే అక్కడ ఆధారాలు బోలెడు.

కొండ రాయి సంగతి ఇంకొంచెం. కలకత్తాలో 1690లలో చనిపోయిన ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయి ఈ పల్లావరం, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) ప్రాంతపు రాయే. ఆ సమాధిని పరీక్షించిన భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ 1893లో ఆయన పేరు మీదే రాయికి చార్నొకైట్ అని పేరు పెట్టాడు. ఇంత గట్టి రాయిని మహేంద్రుడి పనివాళ్ళు ఇనుప ఉలితో తొలిచారంటే గుహలో బొమ్మలు ఎందుకు లేవో అడగక్కర్లేదు. గది, స్తంభం తేల్చడమే గొప్ప. అదే రాయి మన కాలంలో కంకర అయి రోడ్ల కింద, శ్లాబుల్లో పడింది. కొండ వాలు ఎన్నో చోట్ల క్వారీ గుంటలైపోయింది. పాతరాతి కంకర పొరల మీద ఇళ్ళు లేచాయి. ఇప్పుడు ఫుట్ దిగివచ్చినా ఆయన గుంట ఆయనకే దొరకదు.

చూడటానికి వెళ్తే ఇవి గుర్తుంచుకోండి.

గుహ ఇప్పుడు దర్గా. అక్కడ ప్రార్థనలు జరుగుతాయి, నమ్మి వచ్చేవాళ్ళు ఉంటారు. ముందు అక్కడి పెద్దలను అడిగి, వాళ్ళు చెప్పినట్టు నడుచుకుని చూడండి. ఫోటోలకు విడిగా అనుమతి అడగండి. సున్నం, రంగుల పొరల వల్ల అక్షరాలు స్పష్టంగా కనపడవు, నిరాశ పడొద్దు. స్తంభాల ఆకారం, గదుల వరస చూస్తే చాలు, మహేంద్రుడి చేయి తెలిసిపోతుంది. «ఇది గుడా, దర్గానా» అనే వాదన అక్కడ పెట్టకండి. ఆ ప్రశ్నతో వచ్చినవాళ్ళ వల్లే మామూలుగా చూడటానికి వచ్చేవాళ్ళకు ఇబ్బంది. ఆ గుహ ఇన్నేళ్ళు క్వారీ కాకుండా మిగిలిందంటే మనుషులు అక్కడ మొక్కుతూ ఉండటమూ ఒక కారణమేనని నేననుకుంటాను.

అక్షరాల మీద ఏమీ రుద్దకండి. సుద్ద, పిండి, బొగ్గు, ఇనుప బ్రష్, ఏదీ వద్దు. ఒక పాత గుడిలో పునరుద్ధరణ పేరుతో ఇసుకతో గోడలు ఊదించి శుభ్రం చేశారు. అంతకుముందు మేము నకలు తీసిన శాసనం మళ్ళీ చూడబోతే గోడ నున్నగా తళతళలాడుతోంది. సాయంత్రం ఏటవాలు ఎండలోనో, పక్క నుంచి టార్చి వేసో చూస్తే గీతలు వాటంతట అవే లేస్తాయి.

త్రిశూలం గుడికి సబర్బన్ రైల్లో ఎయిర్‌పోర్టు ఎదురుగా ఉన్న త్రిశూలం స్టేషన్‌లో దిగండి. పల్లావరానికి ముందు స్టేషన్ అదే. శాసనాలు గర్భాలయం అధిష్ఠానం (అడుగు పీఠం) రాళ్ళ మీద, గోడల మీద ఉంటాయి. పూజ వేళ కాకుండా వెళ్ళి, అర్చకస్వామిని అడిగితే నింపాదిగా చుట్టూ తిరిగి చూడొచ్చు. తమిళం చదవడం వచ్చినా చోళ కాలపు లిపి వెంటనే అందదు. «స్వస్తిశ్రీ» ఎక్కడుందో పట్టుకోండి, అది తమిళ దేశంలో సంస్కృతం రాయడానికి వాడిన గ్రంథ లిపిలో ఉంటుంది, శాసనం అక్కడ మొదలవుతుంది.

ఫుట్ సేకరించిన రాళ్ళు, ఇందాక చెప్పిన శవపేటికలు ఎగ్మూరులో. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు మ్యూజియంకు సెలవు. పల్లావరం సంత జరిగేది కూడా శుక్రవారమే కాబట్టి ఆ రోజు మీ ఇంటి నుంచి బండి బయటికి తీయడమే కష్టం. శనివారం పొద్దున ఎగ్మూరు చూసుకుని, సాయంత్రం నాలుగు దాటాక త్రిశూలం పెట్టుకుంటే ఎండ బాధ ఉండదు, గోడ మీద అక్షరాలకు వెలుతురూ సరిగ్గా పడుతుంది.